అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు రోజంతా చురుగ్గా ఉండాలంటే ఏం చేయాలి?

మూడేళ్ల పిల్లకు ఆడుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. వదిలితే పరిగెడుతుంది, ఎక్కుతుంది, దూకుతుంది. కేంద్రంలో ఆ పిల్ల కదలకుండా కూర్చుందంటే చాలాసార్లు కారణం మనమే. చేతులు కట్టుకోమంటాం, నోటి మీద వేలు వేసుకోమంటాం, వంతు వచ్చేదాకా ఆగమంటాం. అందుకే కింద చెప్పేవాటిలో సగం కొత్త ఆటలు కావు, పిల్లల్ని ఆపడం తగ్గించే పద్ధతులు. అంగన్‌వాడీ టీచర్లనూ ఆయాలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎల్‌కేజీ, యూకేజీ నడిపేవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు ఎంత కదలిక కావాలో తెలుసుకుందాం. ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగి ఒళ్లు వేడెక్కే పరుగులు, గంతులు ఉండాలి. కూర్చుని టీవీ, ఫోన్ చూసే సమయం గంట దాటకూడదు. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

మూడు గంటలు అనగానే టెన్షన్ పడొద్దు. అదంతా ఒకేసారి కాదు, అంతా కేంద్రంలోనే జరగాలనీ కాదు. ఈ వయసు పిల్లలు పెద్దవాళ్లలా అరగంట ఆగకుండా నడవరు. కాసేపు పరుగు, ఠక్కున ఆగి ఏదో చూడడం, మళ్లీ పరుగు, అంతే. కేంద్రంలో గంటకు 15 నిమిషాల చొప్పున కదిలే అవకాశం ఇవ్వాలని పెట్టుకోండి. అమెరికాలో పిల్లల సంరక్షణ కేంద్రాల కోసం అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో సూచించిన లెక్క కూడా ఇదే. మిగతాది ఇంట్లో, వీధిలో జరుగుతుంది.

ముందు ఒక రోజంతా గమనించండి

ఏ ఆటా మొదలుపెట్టకముందు ఒక మామూలు రోజు చూసుకుని, పిల్లలు వచ్చినప్పటి నుంచి పడుకునేదాకా గంటలవారీగా కాగితం మీద గీతలు గీయండి. ప్రతి గంటలో ఎంతసేపు కదిలారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎంతసేపు ఊరికే ఎదురుచూశారు అన్నది రాయండి. ఎదురుచూడడాన్ని విడిగా రాయడం చాలా ముఖ్యం. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం, చేతులు కడిగే చోట, బాత్రూం దగ్గర, అన్నం వడ్డించేదాకా కంచం ముందు, బరువు తూచే రోజున కాటా దగ్గర. పాతికమంది పిల్లలు ఒక్కొక్కరే చేతులు కడుక్కుంటుంటే చివరివాడు ఎంతసేపు గోడకు ఆనుకుని నిలబడతాడో ఒకసారి గడియారం పెట్టి చూడండి. కొత్తగా ఆటల పీరియడ్ పెట్టడానికి టైమ్ లేదనుకునే కేంద్రంలో కూడా ఈ టైమ్ ఉంటుంది.

అదే రోజు ముగ్గురు పిల్లల మీద ప్రత్యేకంగా కన్నేయండి. బాగా ఆడే ఒకరు, మధ్యరకంగా ఉండే ఒకరు, ఎప్పుడూ మూలన కూర్చునే ఒకరు. అందర్నీ కలిపి చూస్తే గది అంతా ఆడుతున్నట్టే కనిపిస్తుంది. ఆ మూడో పిల్ల మాత్రం పొద్దున కూర్చున్న చోటు నుంచి లేచి ఉండదు.

చోటు సిద్ధం చేసుకోండి

చాలా కేంద్రాలు అద్దె ఇంట్లో ఒకే గదిలో నడుస్తాయి. పెద్ద మైదానం కోసం ఎదురుచూస్తే ఏడాది గడిచిపోతుంది. గదిలో సామాను, బియ్యం బస్తాలు, రిజిస్టర్ల బీరువా ఒక పక్కకు జరిపి మధ్యలో ఖాళీ చేయండి. గోడ నుంచి గోడకు నాలుగు అడుగులు వేసే చోటున్నా గంతులు, వంగడం, పాకడం కుదురుతాయి. వరండా ఉంటే నేల మీద సుద్దతో ఒక నిటారు గీత, ఒక వంకర గీత, కొన్ని వలయాలు గీసి వదిలేయండి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు వాటి మీద నడుస్తారు.

బయట ఆడించే చోటుకు రోజూ పిల్లలకంటే ముందు మీరు వెళ్లండి. సీసా పెంకులు, పల్లేరు కాయలు, మేకులు ఏరేయండి. సంపు మూత, నీళ్ల తొట్టి, మురుగు కాలువ, కరెంటు తీగలు చూసుకోండి. వానాకాలంలో గడ్డి పెరిగితే పాములుంటాయి, పంచాయతీ వాళ్లకు చెప్పి కోయించండి. వీధి కుక్కలు తిరిగే చోటైతే గేటు వేసి ఉండాలి. ఇనుప జారుడుబల్ల ఉంటే అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. మీకు చురుక్కుమంటే పిల్లల తొడలు కాలినట్టే.

హవాయి చెప్పులతో పరిగెత్తే పిల్లలు బోర్లా పడతారు. శుభ్రం చేసిన మట్టి నేల మీద ఉత్త కాళ్లతో ఆడడం అంతకంటే మంచిది. సిమెంటు ఎండకు కాలుతుంటే మాత్రం వద్దు.

ఇద్దరే పెద్దవాళ్లున్న చోట ఎలా?

ఇది అసలు సమస్య. ఆయా వంట దగ్గర ఉంటే టీచర్ ఒక్కరే. కాబట్టి ఆరుబయట ఆటను పొయ్యి వెలిగించకముందు పెట్టండి. ఎండ తక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ 30 నిమిషాలు ఆయా కూడా బయటే ఉండాలని ఇద్దరూ మాట్లాడుకోండి. ఒకరు ఆడిస్తుంటే ఇంకొకరు అంచున నిలబడి పిల్లల్ని లెక్కపెడుతూ ఉండాలి. ఆ టైమ్‌లో పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే యాప్) ఎంట్రీలు, ఫోన్లు వద్దు. అవి పిల్లలు పడుకున్నాక చేసుకోవచ్చు.

మీరు కూడా చీర కొంగు దోపి ఆడితే పిల్లల ఊపే వేరు. టీచర్ కుర్చీలో కూర్చుని "ఆడుకోండి" అంటే ఐదు నిమిషాల్లో సగం మంది చుట్టూ చేరి కూర్చుంటారు.

రోజులోకి కదలికను ఎక్కించండి

పిల్లలు వచ్చే టైమ్‌లో వచ్చినవాళ్లు వచ్చినట్టు గీతల మీద నడవనివ్వండి, టైర్లు దొర్లించనివ్వండి. అందరూ వచ్చాక ప్రార్థన. ప్రార్థన తర్వాత చేతులు పైకి, పక్కకి చాపి, వంగి కాలివేళ్లు పట్టుకోవడం లాంటివి ఐదు నిమిషాలు. ఆ వెంటనే బయటికి. ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్లు పరిగెత్తలేరు. నీరసంగా కనిపిస్తే ముందు కాస్త తినిపించండి.

కథ చెప్పేటప్పుడు కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. కథలో ఏనుగు వస్తే అందరూ ఏనుగు నడక, కప్ప వస్తే గొంతుక్కూర్చుని గెంతడం, గాలివాన వస్తే చెట్లలా ఊగడం. లెక్కలూ అంతే. "మూడు గంతులు వేసి ఎర్ర వలయంలో నిలబడు" అంటే అంకె, రంగు, గంతు మూడూ వచ్చాయి. చేతులు కడగడానికి ఐదుగురిని మాత్రమే పిలవండి, మిగతావాళ్లు ఆ లోపల రైలు ఆట ఆడుతూ గది చుట్టూ తిరుగుతుంటారు. చాపలు పరచడం, చుట్టడం, చిన్న చెంబులతో మొక్కలకు నీళ్లు పోయడం, బొమ్మలు బుట్టలో సర్దడం పిల్లల చేతే చేయించండి. ఆయాకు పని తగ్గదు, నిజానికి కాస్త పెరుగుతుంది. అయినా చేయించండి.

అన్నం తిన్నాక కాసేపు గంతులు వద్దు. తర్వాత ఎలాగూ నిద్ర. లేచాక బద్ధకం తీరడానికి పాటలతో చప్పట్లు, చెమ్మచెక్క చాలు.

ఏ వయసుకు ఏ ఆట?

మూడేళ్ల పిల్లలకు నియమాలున్న ఆటలు ఎక్కవు. పరిగెత్తి ఆగడం, జంతువుల నడకలు, కాళ్లాగజ్జ, గుడుగుడుగుంచం, దొర్లే బంతి వెంట పడడం, పాత చీర కింద నుంచి పాకడం వాళ్లకు సరిపోతాయి. ఈ వయసులో మెట్లు ఒక్కో కాలితో మార్చి మార్చి ఎక్కడం వస్తుంది. నాలుగేళ్లకు ఒంటికాలి మీద కాస్త నిలబడతారు, కుంటుతారు, నేలకు కొట్టి వేసిన బంతిని చాలావరకు పట్టుకుంటారు. కాబట్టి కుంటుడు, పెద్ద గళ్లు గీసిన తొక్కుడుబిళ్ల, నేలా బండా మొదలుపెట్టొచ్చు. ఐదేళ్లు దాటితే దాగుడుమూతలు, నాలుగు స్తంభాలాట, మెత్తటి గుడ్డ బంతితో ఏడుపెంకులాట.

మన ఆటలు బంగారం లాంటివే. కానీ చాలావాటిలో ఒక ఇబ్బంది ఉంది, "అవుట్". ఎవరికి పరుగు తక్కువో వాళ్లే ముందు అవుటై పక్కన కూర్చుంటారు. అంటే ఎక్కువ ఆడాల్సినవాళ్లు తక్కువ ఆడతారు. అందుకని ఈ వయసులో అవుట్ తీసేయండి.

నేలా బండాలో ఇలా చేయొచ్చు. సుద్దతో గీసిన వలయాలో, పాత టైర్లో "బండలు" అనుకోండి. పిల్లల సంఖ్యకంటే బండలు ఎక్కువే ఉండాలి. పట్టుకునేవాళ్లు ఒకరు కాదు, ముగ్గురు. దొరికినవాళ్లు బయటికి వెళ్లకుండా అక్కడే ఐదు గంతులు వేసి మళ్లీ ఆటలోకి వస్తారు. రెండు నిమిషాలకోసారి మీరు చప్పట్లు కొట్టి పట్టుకునేవాళ్లను మార్చండి. ఎవరూ ఖాళీగా నిలబడరు, ఎవరూ ఏడవరు. కుర్చీలాటలో కుర్చీలు తీసేయకుండా, పాట ఆగగానే అందరూ ఇంకో చోటికి పరిగెత్తి కూర్చోవాలని మార్చండి. ఏడుపెంకులాటలో బంతితో మనిషిని కొట్టడం వద్దు. ప్లాస్టిక్ మూతలు దొంతరగా పెట్టి పడగొట్టడం, పరిగెత్తి మళ్లీ పేర్చడం చాలు, అది కూడా నలుగురైదుగురి చొప్పున నాలుగు చోట్ల. ఒకే దొంతర పెట్టి పాతికమందిని లైన్లో నిలబెడితే ఒక్కో పిల్లకు దొరికేది ఒక్క విసురు.

ఒప్పులకుప్ప పిల్లలకు ప్రాణం. మరీ చిన్నవాళ్ల చేతులు జారిపోయి వెనక్కి పడతారు కాబట్టి వాళ్లను ముగ్గురు నలుగురిగా వలయం కట్టించి మెల్లగా తిప్పండి. ఇంకో జాగ్రత్త. ఆడించేటప్పుడు పిల్లను ఒక్క చెయ్యి పట్టుకుని లేపడం, గుంజడం, ఊపడం ఎప్పుడూ చేయొద్దు. ఈ వయసులో మోచేతి దగ్గర ఎముక కీలు నుంచి సులభంగా జారుతుంది. పిల్ల ఏడుస్తూ చెయ్యి వేలాడేసి కదపకపోతే మీరు సరిచేయబోకుండా డాక్టరు దగ్గరికి పంపండి.

ముగ్గులు వేయడం వచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. వాకిట్లో చుక్కలు దూరం దూరంగా పెట్టి చుక్క నుంచి చుక్కకు దూకించండి, మెలికల ముగ్గు పెద్దగా వేసి గీత దాటకుండా నడిపించండి. పిల్లలకు కాళ్లు, చూపు, ఒడుపు కలిసి పనిచేస్తాయి. బతుకమ్మ రోజుల్లో వలయంగా తిరుగుతూ వంగి చప్పట్లు, సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ ఆట, పేపరు చుట్టి చేసిన కర్రలతో కోలాటం. పిల్లలు ఇంటికెళ్లి కూడా ఆడతారు.

సామాను కొనక్కర్లేదు

పాత సైకిల్ టైర్లు, పాత చీరలు, గోనె సంచులు, గుడ్డ పేలికలు చుట్టి కుట్టిన బంతులు, ఇసుక నింపి మూత బిగించిన నీళ్ల సీసాలు. ఇవి చాలు. ఒక పాత చీర నాలుగు వైపులా పిల్లలు పట్టుకుని మధ్యలో గుడ్డ బంతి వేసి ఎగరేస్తే చేతులు, భుజాలు బాగా పనిచేస్తాయి. బంతులు మాత్రం ఎక్కువ చేసి పెట్టుకోండి, ఇద్దరికి ఒకటైనా ఉండాలి. ఒకే బంతి ఉంటే ఆడేది గట్టివాళ్లే.

రోజులో ఒక పావుగంట ఈ సామాను బయట పెట్టి ఏమీ చెప్పకుండా ఉండండి. వాళ్లంతట వాళ్లు ఆడేది మీరు ఆడించినదానికంటే తక్కువేమీ కాదు.

ఎండాకాలం, వానాకాలం

మార్చి నుంచే మన దగ్గర ఎండ ముదురుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి వద్దే వద్దు. వేసవిలో పరుగులు పొద్దున్నే, చెట్టు నీడలో, ఐదేసి నిమిషాలు ఆడి ఆగుతూ. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది, ఆటలో ఉన్న పిల్ల దాహమని చెప్పదు. కుండనూ గ్లాసులనూ ఆట దగ్గరికే తెచ్చి, ఆడకముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, అయ్యాక ఒకసారి మీరే తాగించండి. ముఖం బాగా ఎర్రబడి, తలనొప్పంటూ, వాంతి చేసుకుంటూ, మత్తుగా ఉంటే వెంటనే నీడలోకి తీసుకెళ్లి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ గాలి విసరండి. తెలివిగా ఉంటే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టండి. మత్తు తగ్గకపోయినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

వానరోజుల్లో గదిలో జంతు నడకలు, చీర ఆట, చాపల మీద దొర్లడం. ఆ రోజు చప్పుడు ఎక్కువే ఉంటుంది, ఉండనివ్వండి.

పక్కన ఉండిపోయే పిల్లలు

కొత్త గౌను మాసిపోతుందని అమ్మ తిడుతుందేమోనని ఆడని ఆడపిల్లలు ఉంటారు. ఆ తల్లితో మాట్లాడి పాత నిక్కరో, పైజమానో వేసి పంపమనండి. "ఆడపిల్లవి, ఎగురుతావేంటి" అన్న మాట కేంద్రంలో ఎవరి నోటా రాకూడదు, ఆయా నోటి నుంచి కూడా. సిగ్గుపడే పిల్లను నలుగురిలోకి నెట్టొద్దు. ముందు మీ చెయ్యి పట్టుకుని, తర్వాత ఇంకో పిల్లతో జత, ఆ తర్వాత గుంపు. ఒక వారం పట్టినా పర్వాలేదు.

కాలు సరిగా లేని పిల్లవాడిని అంపైర్‌గా కూర్చోబెట్టి చేర్చుకున్నామనుకోకండి. ఆటనే మార్చండి. పాకే ఆటైతే అందరూ పాకుతారు, కూర్చుని బంతి దొర్లించే ఆటైతే అందరూ కూర్చుంటారు. సరిగా వినిపించని పిల్ల ఉంటే చప్పట్లకు బదులు రంగు గుడ్డ ఊపండి.

తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్ని ఏఎన్‌ఎంకు, డాక్టరుకు చూపించాక వాళ్లు చెప్పినట్టు ఆడించండి. ఆ పిల్లలకు ఆట వద్దని కాదు. వాళ్ల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది మెట్లలో ఆటపాటలతో, ఆప్యాయతతో పిల్లను ఉత్సాహపరచడం కూడా ఒక మెట్టే. ఒంట్లో శక్తి వచ్చేకొద్దీ కదలిక పెంచాలి.

కొద్దిగా పరిగెత్తగానే ఎగశ్వాస, పెదాలు నీలంగా మారడం, ఎప్పుడూ పాలిపోయి అలసిపోవడం, నాలుగేళ్లొచ్చినా తరచూ తూలిపడడం, కూర్చున్నచోటు నుంచి లేవడానికి చేతులతో తొడలు పట్టుకుని లేవడం కనిపిస్తే "బద్ధకం" అని వదిలేయకండి. పెదాలు నీలంగా మారితే, ఎగశ్వాస తగ్గకపోతే ఆ రోజే ఆస్పత్రికి పంపాలి. మిగతావి రాసిపెట్టి, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు చూపించండి. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అంతదాకా ఆగలేనిదనిపిస్తే పీహెచ్‌సీకి పంపండి.

ఆటను శిక్షగా వాడకండి

అల్లరి చేశాడని ఆట మానిపించడం, గుంజీలు తీయించడం, గది చుట్టూ పరిగెత్తించడం మూడూ తప్పే. ఆట మానిపిస్తే ఆ పిల్లవాడి అల్లరి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒంట్లో ఉన్న ఊపు పోయే దారి మూసేశారు. గుంజీలు, పరుగులు శిక్షైతే ఒళ్లు వంచడమంటేనే పిల్లలకు విసుగు పుడుతుంది. "ఎవరు ఫస్ట్?" అనడం కూడా తగ్గించండి. "నిన్నటికంటే దూరం దూకావే!" అంటే ఆ పిల్ల రేపు కూడా దూకుతుంది.

తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలి?

"మా వాడికి ఇంకా ఏబీసీడీలు రాయడం రాలేదు, పొద్దస్తమానం ఆటలేనా టీచర్?" అని అడుగుతారు. పక్క వీధిలో ప్రైవేటు స్కూల్లో మూడేళ్లకే కాపీలు రాయిస్తుంటారు కాబట్టి ఆ ఆందోళన సహజం. వాళ్లతో వాదించకండి. పెన్సిల్ పట్టాలంటే వేళ్లకంటే ముందు భుజం, మోచెయ్యి, మణికట్టు గట్టిపడాలని, అది వేలాడడం, పాకడం, బంతి విసరడం, మట్టి పిసకడం వల్లే వస్తుందని చెప్పండి. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటల ద్వారానే చదువు చెప్పమంది. 2023లో అంగన్‌వాడీల కోసం మొదలైన "పోషణ్ భీ పఢాయీ భీ" (పోషణా, చదువూ) అనే ప్రభుత్వ కార్యక్రమం దారి కూడా అదే. ఈ మాట సూపర్‌వైజర్ దగ్గరా పనికొస్తుంది.

ఇంటి దగ్గర రెండు మూడు పనులే అడగండి, ఎక్కువ అడిగితే ఒక్కటీ చేయరు. దగ్గర్లో ఉన్నవాళ్లు బండి మీద దించకుండా నడిపించుకు రావాలి. అన్నం తినేటప్పుడు ఫోన్ ఇవ్వకూడదు. సాయంత్రం కాసేపు వీధిలోనో, మేడ మీద పిట్టగోడ ఉన్న చోట పెద్దవాళ్లు పక్కనుండగానో ఆడనివ్వాలి.

నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి జరిపే ఈసీసీఈ (పూర్వ బాల్య సంరక్షణ, విద్య) డే నాడు తల్లుల్ని చాప మీద కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. పిల్లలతో జతకట్టించి ఒప్పులకుప్ప, నేలా బండా, చీర ఆట ఆడించండి. వాళ్ల చిన్నప్పటి ఆటలు ఏమున్నాయో అడిగి ఒకటి వాళ్ల చేతే నేర్పించండి. మరుసటి నెల నాన్నలనూ తాతలనూ కూడా పిలవండి, పనికి వెళ్లేవాళ్లు రావాలంటే పొద్దున్నే పెట్టండి.